కాలదోషము

చట్టమన్న మాట వినగానే ముఖము త్రిప్పుకొను గృహస్థుడుకూడ ఒక చట్టమును మాత్రము చక్కగ నెఱుగును. ప్రోనోటునకు గడువు మూడేండ్లు. ఆ మూడేండ్లు నిండకమునుపే ఋణస్థుని ఇంటికి పిలిపించి, నూఱు రూపాయలైనను పుచ్చుకొని, నోటు వెనుక చెల్లు వ్రాయించి చేవ్రాలు చేయించుకొనవలెను. లేనియెడల ఆ కాగితమునకు కాలదోషము పట్టును. అప్పు ధర్మముగ నిలిచియే యుండును గాని న్యాయస్థానము దానిని చెవిని బెట్టదు. మా తాతగారు సంక్రాంతి వెళ్లిన మఱునాడు ఇనుపపెట్టె తెఱచి, నోట్లకట్ట విప్పి, కంటి అద్దములు సవరించుకొని, ఒక్కొక్క తేదీయే చదువుకొనుచుండుట నాకు జ్ఞాపకమున్నది. ఒకమాఱు ఒక నోటు గడువు దాటిపోయినది. ఆయన దానిని నాలుగు మడతలు పెట్టి, "నిద్ర నాది, నష్టమును నాదే" యని మరల పెట్టెలో వేసెను.

ఆ మాటలో న్యాయమున్నది. నోటు ఆయన పెట్టెలోనే యున్నది. తేదీ నోటుమీదనే యున్నది. చూచుకొనవలసిన కన్నులు ఆయనవే. చూచుకొనక యూరకుండుట ఆయన దోషము. అయితే యీ లెక్కనే అప్పుకాగితమునుండి తీసి మనుష్యశరీరమునకు వర్తింపజేసినపుడు ఏమగునో ఆలోచించినవారు మనలో అరుదు. కత్తిక్రింద మత్తులో పడియున్న రోగికి ఏ పెట్టె కలదు? ఏ తేదీ యతనికి కనబడును?

వైద్యశాలలో రోగికి కలిగిన హానికి పరిహారము కోరుటకును గడువు కలదు. 1986వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమునందు ఫిర్యాదునకు రెండేండ్ల గడువును 1993లో చేర్చిరి. సొమ్ము పుచ్చుకొని చేయు వైద్యముకూడ ఈ చట్టము క్రిందికి వచ్చునని సుప్రీంకోర్టు 1995లో నిర్ణయించెను. 2019లో ఆ చట్టము స్థానమున క్రొత్తది చేయబడి 2020 జూలైలో అమలునకు వచ్చినను, అందలి 69వ సెక్షనున ఆ రెండేండ్లే నిలిచియున్నవి. అందఱికిని ఉచితముగనే చికిత్స చేయు ప్రభుత్వ వైద్యశాలలు దీని క్రిందికి రావు. కావున అచ్చటి పేదరోగి సివిలు కోర్టు మెట్లే యెక్కవలెను. మెట్లును ఎక్కువ, గడువులును కలవు. రెండేండ్లు చాలునా చాలవా యనునది నా ప్రశ్న గాదు. వ్యాజ్యకారణము పుట్టిన నాటినుండి రెండేండ్లని చట్టము చెప్పుచున్నది. అది యే నాడు పుట్టినది? కత్తి తగిలిన నాడా, తగిలినదని రోగికి తెలిసిన నాడా?

ఇది నేను పుస్తకములలో చదివి తెచ్చుకొన్న ప్రశ్న గాదు. మా అక్కకు 2011లో ఒక పట్టణపు వైద్యశాలయందు గర్భసంచి తీసివేసిరి. కుట్లు మానినవి. ఇంటికి వచ్చి మూడు వారములు పడుకొని నాల్గవ వారమున పొయ్యిదగ్గఱకు పోయినది. కొన్ని నెలలకు నడుమున ఎడమప్రక్కను నొప్పి యనెను. బావగారు బరువులెత్తవద్దనిరి. అత్తగారు, గర్భసంచి తీసిన ఆడుదానికి నడుమునొప్పి రాకపోవుటయే వింత యనిరి. శస్త్రచికిత్స చేసిన డాక్టరుగారికి చూపగా వాయువని మాత్రలు వ్రాసియిచ్చిరి. నేను, "వయస్సు మీదపడుచున్నది కదా, అక్కా" యంటిని. ఆ మాటలన్నవారిలో నేనును ఒకడనని యిచ్చటనే ఒప్పుకొనుట నాకు మంచిది. 2018లో మఱియొక జబ్బునకై స్కాను తీయించినపుడు వేఱొక డాక్టరు ఆ పటమును వెలుతురునకు పెట్టి పలుమాఱులు చూచి, ఎడమ మూత్రపిండము ఎండిపోయి పనిమాని చాలకాలమైనదనియు, మూత్రము దిగు నాళము పాత శస్త్రచికిత్స జరిగిన చోటనే మూసుకొనిపోయినదనియు చెప్పిరి. అక్క ఏడువలేదు. "అయితే నొప్పి నిజమేనన్నమాట" యని మాత్రము అనెను.

మేము ప్లీడరుగారియొద్దకు పోయితిమి. ఆయన కాగితములు చేతికి తీసికొనకమునుపే అడిగినది ఒక్కటే: "ఆపరేషను ఏ తేదీ?" తేదీ చెప్పితిమి. ఆయన వ్రేళ్లు లెక్కపెట్టలేదు. కలమునకు మూత పెట్టిరి. హాని తెలిసిన నాటినుండి లెక్కింపుడని వాదింపవచ్చుననియు, అయినను అక్కకు నొప్పి మొదటినుండియు నున్నది గనుక ఎదుటిపక్షమువారు ఊరకుండరనియు, 2010వ సంవత్సరపు సుప్రీంకోర్టు తీర్పొకటి మనకు అడ్డుగ నిలుచుననియు వివరించిరి. వైద్యశాలకు జాబు వ్రాయగా, మూడేండ్లు దాటిన కాగితములు తాము ఉంచుట లేదని రెండు వాక్యముల జవాబు వచ్చినది.

ఆ హాని డాక్టరుగారి అశ్రద్ధవలన కలిగినదో, శ్రద్ధగల చేతికిని తప్పని ప్రమాదమో నేను చెప్పజాలను. మూత్రనాళము గర్భసంచికి అతిసమీపమున పోవుచుండును. నేర్పరుల చేతులలోగూడ అది గాయపడుట కలదని వైద్యగ్రంథములే చెప్పుచున్నవి. కాని దానిని తేల్చుటకే కదా విచారణ యనునది ఏర్పడినది! గడువు డాక్టరు నిర్దోషియని తీర్పు చెప్పదు, దోషియనియు చెప్పదు. అడుగుటకే వీలులేదనును. నిర్దోషియైన వైద్యుడు సయితము ఆ మౌనములో తన నిర్దోషిత్వమును పోగొట్టుకొనును. మా యింటిలో నేటికిని ఆ డాక్టరుగారి పేరెత్తినపుడు ఎవరును మంచిమాట పలుకరు. ఆయన తప్పులేనివాడేయైనచో మేమాయనకు చేయుచున్నది అన్యాయము. ఆ అన్యాయమును తీర్చుటకును నేడు దారిలేదు.

ఇంతమాత్రమున గడువులన్నియు దుష్టములని నేననను. ఇరువదియేండ్లు గడచిన పిమ్మట ఒక వైద్యుని పట్టి, ఫలానా దినమున ఫలానా రోగి కడుపులో నీవేమి చేసితివని యడిగినచో అతడేమి చెప్పగలడు? ఆ నర్సు ఏ యూరనున్నదో! మత్తిచ్చిన డాక్టరు జీవించియున్నాడో లేదో! సాక్ష్యము పాలవంటిది, నిలువయుంచిన కొలది విఱుగును. ఋజువు చేయజాలని నిందనుండి మనుష్యుని కాపాడుటయు న్యాయములోని భాగమే. కావుననే ఈ దేశమున 1859లో గడువుల చట్టము చేసిరి. దాని సంతతియే నేడు నడచుచున్న 1963వ సంవత్సరపు చట్టము. ప్రతివాది నోరు విప్పకపోయినను గడువు మీఱిన దావాను న్యాయాధిపతి తానుగనే కొట్టివేయవలెనని అందలి 3వ సెక్షను విధించుచున్నది. అంతటి కాఠిన్యము దానిది.

అయితే గడువనునది తెల్లదొరలతో వచ్చిన వస్తువు గాదు. మన స్మృతికారులకును అది తెలిసినదే. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున భూమికి ఇరువదియేండ్లును, తక్కిన ధనమునకు పదియేండ్లును గడువు చెప్పెను. చదువరులు గమనింపవలసినది ఏండ్ల సంఖ్యను గాదు. తన సొత్తును పరుడు అనుభవించుచుండగా కన్నులార చూచుచుండియు నోరెత్తనివానికే ఆయన ఈ నష్టమును విధించెను. చూచుట యొకటి, పలుకకుండుట యొకటి. రెండును కలసినగాని దోషము లేదు. అంతటితో ఆగక, బాలుర ధనమునకును, తెలివిమాలినవారి ధనమునకును, కుదువ సొమ్మునకును, పొలిమేరలకును ఈ నియమము చెల్లదని మినహాయింపులు పెట్టెను. చూడజాలనివానిని, చూచియు గ్రహింపజాలనివానిని ఆయన గడువునుండి తప్పించినాడు. (ఆయనయే తప్పుడు వైద్యము చేసినవానికి జరిమానాలును చెప్పెను. పశువునకు చేసిన తక్కువ, మనుష్యునకు చేసిన నడిమిది, రాజోద్యోగికి చేసిన అన్నిటికంటె హెచ్చు! ఈ వరుసను మాత్రము మెచ్చుకొనుట కష్టము.)

గడువు యొక్క ప్రాణమంతయు ఆ చూచుటలో నున్నది. తన భూమిలో పరుని నాగలి నడచుచుండగా ఇరువదియేండ్లు మిన్నకున్నవాని మౌనము సమ్మతివంటిది. శరీరములోని మాట అట్లు గాదు. అచ్చట నాగలి నడచిన జాడ పైకి కనబడదు. నొప్పి కనబడును గాని నొప్పికి మాటలు రావు. అది వాతమో, వయస్సో, కత్తి మిగిల్చిన గాయమో అది చెప్పదు. చెప్పగలవాడు వైద్యుడే, ఆ వైద్యుడే ఎదుటి కక్షిదారుడు.

ప్లీడరుగారు చెప్పిన 2010వ సంవత్సరపు తీర్పును తరువాత చదివితిని. గోవాలోని ప్రభుత్వ వైద్యశాలలో నర్సుగా నున్న ఒక స్త్రీకి 1993 నవంబరులో ముంబాయియందు పిత్తాశయపు రాళ్లకై శస్త్రచికిత్స జరిగినది. ఆ తరువాత ఆమెకు కడుపునొప్పి వదలలేదు. నొప్పిమాత్రలతో తొమ్మిదేండ్లు వెళ్లబుచ్చెను. 2002లో స్కాను తీయగా కడుపులో ఏదో గడ్డవలె నుండెను. వేఱొక వైద్యశాలలో కడుపు విప్పిచూడగా గాజుగుడ్డ బయటపడినది. 2004 అక్టోబరులో ఆమె ఫిర్యాదు చేసెను. గడువు దాటినదని రాష్ట్ర కమీషను త్రోసిపుచ్చినది. జాతీయ కమీషను ఆ త్రోపును రద్దుచేసినది. సుప్రీంకోర్టు మరల రాష్ట్ర కమీషను మాటనే నిలువబెట్టినది.

ఆ తీర్పులో నన్ను ఆశ్చర్యపఱచిన సంగతి యేమనగా, న్యాయమూర్తులు సూత్రమును తప్పుగ చెప్పలేదు. హాని పైకి తెలియునదైనచో ఆ దినమునుండియు, లోలోపల దాగియుండునదైనచో రోగి దానిని కనుగొనిన దినమునుండి గాని, తగిన శ్రద్ధతో కనుగొనదగిన దినమునుండి గాని గడువు లెక్కింపవలెనని వారే వ్రాసిరి. ఇంతకంటె న్యాయమైన మాట యేమున్నది? కాని ఆ సూత్రమును ఆమెకు వర్తింపజేయునపుడు, ఆమె అనుభవముగల నర్సు గనుక, నొప్పి విడువనపుడే ఆ డాక్టరును అడుగవలసియుండెననియు, అడిగియున్నచో తెలిసియుండుననియు తలచిరి. ఆమె వృత్తియే ఆమెకు శత్రువైనది. వైద్యశాలలో నూఱుగురు రోగుల నొప్పులను చూచిన నర్సు తన నొప్పిని నూఱింటిలో నొకటిగ నెంచి మ్రింగుట లోకమున వింతయా? తన కడుపులో గుడ్డను మఱచియుందురని అనుమానించుటకంటె తన శరీరమే బలహీనమని తలచుట వైద్యులయెడ విశ్వాసముగల మనస్సునకు సహజము. ఆ విశ్వాసమును పెంచువారు వైద్యులే. ఆ విశ్వాసమునకు శిక్ష పడినది రోగికి. న్యాయస్థానముపట్ల గౌరవముతోనే చెప్పుచున్నాను: "కనుగొనదగిన" అను మాటను అంత సులువుగ వాడినచో, "కనుగొనిన" అను మాటకు అర్థము మిగులదు.

ఇంగ్లండులో ఈ తగవు మఱియొక విధముగ పరిష్కారమైనది. అచ్చట ఉక్కు పోతపోయు కర్మాగారములో పనివారు ఏండ్లతరబడి దుమ్ము పీల్చిరి. ఊపిరితిత్తులు లోపల చెడినవి; పైకి ఏమియు లేదు. తెలిసి దావా వేయునాటికి గడువు దాటియుండెను. 1963లో ప్రభువుల సభవారు విచారముతోనే, చట్టమున్నట్లు మేము చెప్పవలెను గాని మార్చజాలమని వారిని త్రిప్పిపంపిరి. తెలియని హానికి తెలియకమునుపే గడువు ముగియుట అందఱికిని వికృతముగ తోచినది. ఆ సంవత్సరమే చట్టము మాఱినది. నేడు అచ్చట 1980వ సంవత్సరపు చట్టము ప్రకారము శరీరహానికి గడువు మూడేండ్లు. హాని జరిగిన నాడో, బాధితునికి తెలిసిన నాడో, ఏది వెనుకటిదైన దానినుండి లెక్క. అందువలన ఇంగ్లండు వైద్యులు కత్తులు పాఱవేసి కావిబట్టలు కట్టలేదు.

మన యిండ్ల సంగతికి వత్తము. తగిన శ్రద్ధ యని చట్టమనుచున్నది. ఎవరి శ్రద్ధ? ఆడుదాని నొప్పిని ముందుగ విచారించు న్యాయస్థానము వంటయింటిలోనే యున్నది. అచ్చట అత్తగారు, భర్త, తమ్ముడు న్యాయమూర్తులు; అందఱిది ఒకటే తీర్పు: ఓర్చుకొనుము. తానుగ వైద్యశాలకు పోవుటకు ఆమెకు డబ్బు లేదు, తీరిక లేదు, తోడులేదు. చీటీలు భర్త బీరువాలో నుండును. తన కడుపున ఏమి తీసిరో, ఏమి ఉంచిరో ఆమె యెన్నడును చదివియుండలేదు. ఇంగ్లీషులో వ్రాసియున్నది గనుక చదివినను తెలియదు. అట్టి స్త్రీని బోనులో నిలువబెట్టి, ఏడేండ్లేమి చేయుచుంటివని యడుగుట న్యాయమేనా? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారము మేము. అక్క ఆలస్యము చేయలేదు. ఆమె మొదటి నెలయందే చెప్పినది. ఆలస్యము చేసినది విన్న చెవులు.

బాలునకు చట్టమే కొంత దయచూపినది. 1963వ సంవత్సరపు చట్టము ప్రకారము పసివానికి గడువు పెద్దవాడైన పిదపనే మొదలగును. మతి చెడినవారికిని అంతే. ప్రతివాది మోసముచేసి దాచినయెడల, ఆ మోసము తెలిసిన నాటినుండియే లెక్కయని 17వ సెక్షను చెప్పుచున్నది. చక్కని మాటయే, అయితే దాచెనని ఋజువు చేయవలసిన భారము రోగిపైననే యున్నది. ఋజువులుండు కాగితములో? 2002వ సంవత్సరపు వైద్యవృత్తి నియమముల ప్రకారము, వైద్యశాలలో చేరిన రోగి కాగితములను చికిత్స మొదలిడిన నాటినుండి మూడేండ్లు భద్రపఱచిన చాలును. రోగి గాని అతని తరఫువారు గాని కోరినచో డెబ్బదిరెండు గంటలలో నకళ్లు ఇయ్యవలెననియు ఆ నియమములందే యున్నది. ఈ రెండవ నియమమును మన యిండ్లలో నెందఱెఱుగుదురు? బిల్లు కట్టి, మిఠాయి పంచి, బండి ఎక్కివత్తుము. మూడేండ్లు గడచును. నాల్గవయేట నొప్పికి పేరు తెలిసినపుడు దాని జాతకము బూడిదయై యుండును.

తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము వినియోగదారుల కమీషనులకు కలదు గదా యని కొందఱు వకీళ్లు నాకు చెప్పిరి. కలదు. కాని మన్నింపు దయ, గడువు హక్కు. తెలియకుండుట తప్పే గానప్పుడు దానికి మన్నింపు కోరుటయేల? చూడనివాడు చూడలేదని చేతులు జోడించి వేడుకొనవలసిన యవస్థ తాతగారి నోటునకు కూడ పట్టలేదు.

వైద్యమిత్రులొకరు ఈ వ్యాసపు చిత్తుప్రతిని చదివి నొచ్చుకొనిరి. "తెలిసిన నాటినుండి యన్నచో మేము చచ్చువఱకును మెడమీద కత్తి వ్రేలాడును, భయముతో పనిచేయు చేయి వణకదా?" యనిరి. దీనిని తేలికగ త్రోసివేయజాలను. ఆయన రాత్రి రెండుగంటలకు లేచి పరుగెత్తుట నేనెఱుగుదును. కాబట్టి చాలయేండ్లు గడచిన పిమ్మట ఏదోయొక చోట గీత గీయుటకు నేను ఒప్పుకొందును. కడుపులో మఱచిన వస్తువునకు మాత్రము ఆ గీతయు వలదు. ఆ గుడ్డయే తన సాక్ష్యమును తాను మోయుచున్నది, దానికి ఏ నర్సు జ్ఞాపకమును అక్కఱలేదు. తక్కినవానికి ఆయన చేతిలోనే మందున్నది. శస్త్రచికిత్సలో ఏదేని సందేహము కలిగినయెడల రోగికి ఆనాడే చెప్పి, వ్రాసియిచ్చినచో గడువు ఆనాడే మొదలగును, రెండేండ్లకు ముగియును, ఆయన మెడమీద కత్తి యుండదు. గడువును కుదించుకొనుటకు వైద్యునకు దీనికంటె సత్యమైన ఉపాయము లేదు. ఈ మాట చెప్పగా ఆయన కొంతసేపు పలుకక, "చెప్పిన రోజుననే వ్యాజ్యము వేయుదురు" అనిరి. వేయవచ్చును. అయినను ఆనాడు కాగితములుండును, సాక్షులుందురు, ఆయన జ్ఞాపకమును చెక్కుచెదరక యుండును. నిర్దోషియైనచో నిర్దోషియని నలుగురిలో తేలును.

మా అక్క వ్యాజ్యము వేయలేదు. ఇటీవల మా మేనకోడలికి ఆపరేషనుచేసి కాన్పు చేసిరి. ఇంటికి తెచ్చు దినమున అక్క పసిబిడ్డను నా చేతికిచ్చి, తాను లోనికి పోయి కేసుషీటు నకలు కావలెనని యడిగెను. గుమాస్తా, "ఎందుకమ్మా, అంతయు బాగుగనే జరిగినది కదా" యనెను. "బాగుగ జరిగినదని అందులోనే వ్రాసియుండును కదా, నాయనా. అదే ఇప్పించుము" అని అక్క ఆ బల్ల ప్రక్కనే కుర్చీ లాగుకొని కూర్చుండెను.